మన చరిత్రంతా డూప్లికేటే, అయితే ఏంటంట?

పాత కంప్యూటర్లు పోగేస్తానని చెప్పగానే మన సాఫ్ట్‌వేర్ జనాలు కళ్ళు పెద్దవి చేస్తారు. "యాపిల్ టూ ఉందా? ఐబీఎం ఒరిజినల్ పీసీ ఉందా?" అని అడుగుతారు. లేవండీ, నా దగ్గరున్నవన్నీ క్లోన్లే అంటాను. ఊరూ పేరూ లేని తైవాన్ బోర్డులు, పార్క్‌లేన్‌లో బిగించిన డబ్బాలు, ఎవరు చేశారో ఎక్కడా రాసిలేని కార్డులు. అంతే, ఆ కళ్ళు మళ్ళీ మామూలు సైజుకొచ్చేస్తాయి. "ఓ, డూప్లికేటా" అంటారు. చార్మినార్ దగ్గర కొన్న ముత్యాలు ప్లాస్టిక్‌వని ఇంటికొచ్చాక తెలిసినట్టు మొహం పెడతారు.

నా గొడవంతా ఈ "డూప్లికేటా" అన్న మాట మీదే.

అయ్యా, తమరు మొట్టమొదట కీబోర్డు మీద వేలు పెట్టిన మిషన్ ఏది? తొంభైల్లో అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, వరసగా పేర్చిన ఆ లేత పసుపు డబ్బాల మీద ఐబీఎం అని రాసుందా? చాలావాటి మీద అసలేమీ రాసిలేదు. టర్బో అని ఒక బటన్, పక్కన మెగాహెర్ట్జ్ చూపించే ఎర్ర అంకెలు (ఆ అంకెలు జంపర్లతో ఎంత పెడితే అంత చూపిస్తాయి, ప్రాసెసర్‌తో దానికి సంబంధమే లేదు, అది వేరే కథ). ఆ డబ్బాల మీదే సీ నేర్చుకున్నాం, కోబాల్ నేర్చుకున్నాం, వైటూకే పుణ్యమా అని విమానాలెక్కాం. ఇవాళ ఆదిభట్లలోనో మాదాపూర్‌లోనో అద్దాల మేడల్లో కూర్చుని "లెగసీ" అని మొహం చిట్లించే ప్రతివాడి జీతం వెనకా ఒక అసెంబుల్డ్ సిస్టమ్ ఉంది. అమ్మమ్మ వంట తిని పెరిగి, ఆవిడకి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ లేదని తీసిపారేసినట్టుంది మన వ్యవహారం.

అసలు క్లోన్ అంటే ఏంటో ఒకసారి చూద్దాం. 1981లో ఐబీఎం పీసీని వదిలినప్పుడు అందులో ఐబీఎం సొంత సరుకు చాలా తక్కువ. ప్రాసెసర్ ఇంటెల్ 8088, నడిచేది 4.77 మెగాహెర్ట్జ్ మీద, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ వాళ్ళది, మిగతా చిప్పులు ఎవరైనా కొట్టుకెళ్ళి కొనుక్కోగలిగినవి. కాపీరైట్ పేరుతో తాళం వేసుకున్నది ముఖ్యంగా బయాస్ ఒక్కటే. ఆ బయాస్ లిస్టింగ్‌ని కూడా ఐబీఎం తన టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో అచ్చేసి అమ్మింది. దాన్ని యథాతథంగా దింపితే దొంగతనం. అందుకని కాంపాక్ వాళ్ళు ఏం చేశారంటే, అది ఏం పని చేస్తుందో ఒక జట్టుతో రాయించి, అసలు లిస్టింగ్ మొహం చూడని వేరే జట్టుతో కొత్తగా కోడ్ రాయించారు. 1982 చివర్లో ప్రకటించి 1983లో అమ్మడం మొదలెట్టారు. 1984లో ఫీనిక్స్ అనే కంపెనీ అలాంటి బయాస్‌నే తయారుచేసి అడిగినవాళ్ళందరికీ అమ్మకానికి పెట్టింది. అక్కణ్ణించి ఆగలేదు. ఎన్‌ఈసీ వాళ్ళు 8088 ఉన్న సాకెట్లోనే కూర్చునే వీ20 అనే చిప్పు చేస్తే ఇంటెల్‌తో కోర్టుకెక్కాల్సొచ్చింది. మైక్రోకోడ్‌కి కాపీరైట్ ఉంటుంది గానీ ఎన్‌ఈసీ దాన్ని కాపీ కొట్టలేదు అని 1989లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది. ఇది చోరీయా, ఇంజనీరింగా? నన్నడిగితే కంప్యూటర్ చరిత్రలో ఇంతకంటే శుద్ధమైన ఇంజనీరింగ్ ఇంకోటి చూపించండి అంటాను. మనం ఇవాళ రోజూ చేసే "అదే ఏపీఐ, కొత్త ఇంప్లిమెంటేషన్" పనికి అది తాతగారు.

ఇక మన దేశం సంగతి. 1978లో ఐబీఎం ఇక్కణ్ణించి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది. అంతకు ముందే మన హైదరాబాదులో 1967లో పుట్టిన ఈసీఐఎల్ టీడీసీ-12 అనే కంప్యూటర్ చేసింది, 1969లో. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. పన్నెండు బిట్ల పదం, కోర్ మెమొరీ. 1965లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ వాళ్ళు తెచ్చిన పీడీపీ-8 కూడా పన్నెండు బిట్లదే. తర్వాత వచ్చిన టీడీసీ-316 పదహారు బిట్లది, అటు పీడీపీ-11 కూడా అంతే. దీన్ని క్లోన్ అని నేను అనను, కానీ లోకం పోకడ చూసి మనకి దొరికే సరుకుతో మనమే కట్టుకున్న యంత్రాలవి. ఏ.ఎస్.రావు నగర్‌లో ఇల్లు కొన్న ప్రతివాడికీ ఏ.ఎస్.రావు ఎవరో తెలుసని నాకు నమ్మకం లేదు. ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి అది ఒక స్టాపు పేరు మాత్రమే. సరే, అవి మినీ కంప్యూటర్లు, గది నిండా ఉండేవి, నా ఇంట్లో పట్టవు. నా గోల పర్సనల్ కంప్యూటర్ల గురించి కాబట్టి అక్కడికే వస్తాను.

1984-85లో క్లాస్ అని కేంద్రప్రభుత్వ పథకం ఒకటి మొదలైంది. దేశంలో సుమారు 250 బడుల్లో బ్రిటన్ వాళ్ళ బీబీసీ మైక్రో కంప్యూటర్లు పెట్టారు. చండీగఢ్ పక్కన మొహాలీలో ఉన్న సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్ళు ఒప్పందం ప్రకారం ఆ మిషన్లని ఇక్కడే బిగించారు. 1989లో ఆ ఫ్యాక్టరీ కాలిపోయింది. అలాగే డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ 1986లో సింక్లెయిర్ స్పెక్ట్రమ్ ప్లస్‌ని లైసెన్సు తీసుకుని "డీబీ స్పెక్ట్రమ్ ప్లస్" పేరుతో అమ్మింది. కొన్ని వేలు అమ్ముడయ్యాయి. ఇప్పుడు వెతకండి చూద్దాం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఎన్నేళ్ళుగా తిరుగుతున్నానో లెక్కలేదు, ఒక్కటి కనబడలేదు.

అదే రష్యావాళ్ళని చూడండి. వాళ్ళు స్పెక్ట్రమ్‌ని ఏ లైసెన్సూ లేకుండా, లెనిన్‌గ్రాడ్ అనీ పెంటగాన్ అనీ పేర్లు పెట్టి, దొరికిన చిప్పులతో ఇళ్ళల్లో కూర్చుని కట్టుకున్నారు. బ్రెజిల్ వాళ్ళది టీకే90ఎక్స్. బల్గేరియావాళ్ళు యాపిల్ టూకి నకలుగా ప్రావెట్స్ చేశారు. అవన్నీ "డూప్లికేట్లే". కానీ ఆ దేశాల కుర్రాళ్ళు సర్క్యూట్ డయాగ్రాములు మళ్ళీ గీశారు, రామ్ కాదు రోమ్ చిప్పుల్లో ఉన్నదంతా బైటుబైటుగా దింపి దాచారు, ఏ ఊళ్ళో ఏ బోర్డు వెర్షన్ తయారైందో రాసిపెట్టారు. సిగ్గుపడలేదు. గర్వంగా చెప్పుకుంటున్నారు. మనకేమో లైసెన్సుతో దర్జాగా తయారుచేసిన మిషన్ల వివరాలు కూడా నాలుగు వాక్యాలు దాటి దొరకవు.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే నన్ను దొంగసరుకు ఏజెంటు అనుకునే ప్రమాదం ఉంది. లైసెన్సుతో చేసింది ఒకటి, సొంత బుర్రతో చేసిన అనుకరణ ఒకటి, పచ్చి మోసం ఒకటి. మూడూ వేరు. మూడోదానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 1995-96 నాటి కొన్ని 486 మదర్‌బోర్డులు. వాటి మీద క్యాష్ మెమొరీ చిప్పులు బుద్ధిగా వరసలో ఉంటాయి. వాటిమీద "రైట్ బ్యాక్" అని అచ్చు కూడా ఉంటుంది. పగలగొట్టి చూస్తే లోపల సిలికాన్ ఉండదు, ఉత్త ప్లాస్టిక్! కాళ్ళు మాత్రం ఉంటాయి. బయాస్‌ని కూడా మార్చేసి, బూట్ అయ్యేటప్పుడు 256 కేబీ క్యాష్ ఉందని స్క్రీన్ మీద చూపించేవాళ్ళు. కస్టమర్ మాత్రం నిజం క్యాషే ఇచ్చాడు :-) పీసీచిప్స్ బోర్డుల మీద ఈ వ్యవహారం ప్రపంచమంతా తెలిసిందే. క్యాష్‌చెక్ లాంటి ప్రోగ్రాం నడిపితే గుట్టు బయటపడుతుంది, మెమొరీ వేగం మెట్టులా పడాల్సిన చోట తిన్నగా జారిపోతుంది.

అలాంటి బోర్డు నా దగ్గర ఒకటుంది. "ఇదెందుకయ్యా, మోసం సరుకు" అన్నాడు మా కొలీగ్ ఒకడు. నాకు మిగతా బోర్డులన్నిటికంటే అదే ముద్దు. ఎందుకంటే ఆ రోజుల్లో కొనేవాడికి ఏం తెలుసు, అమ్మేవాడికి ఎంత తెలుసు, ధర మీద ఎంత ఒత్తిడి ఉంది, బెంచ్‌మార్క్ నడిపే తీరిక ఎవరికీ లేదు అన్న సంగతులన్నీ ఆ ఆరేడు ప్లాస్టిక్ ముక్కల్లో ఉన్నాయి. ఒరిజినల్ ఐబీఎం బోర్డు ఐబీఎం గురించి చెబుతుంది. ఈ బోర్డు మన గురించి చెబుతుంది. సికిందరాబాద్ సీటీసీలో మెట్ల మీద నిలబడి నాలుగు షాపుల కొటేషన్లు చీటీ మీద రాసుకుని వంద రూపాయలు తక్కువున్న చోట కొన్న మన నాన్నల గురించి చెబుతుంది.

"సరే, పోగేశావు. ఇందులో రీసెర్చ్ ఏముంది?" అనేది తర్వాతి ప్రశ్న. ఇది అడిగేవాళ్ళకి ఊరూ పేరూ లేని బోర్డుని చేతికిచ్చి, దీని కంపెనీ కనుక్కోండి చూద్దాం అనాలనిపిస్తుంది. ముందు చిప్పుల మీద తారీకు కోడ్లు చదవాలి. 8732 అని ఉంటే 1987వ సంవత్సరం 32వ వారం. ఒక్క చిప్పు చూస్తే చాలదు, పాత స్టాకు చిప్పు వేసి ఉండొచ్చు, అన్నిట్లోకీ కొత్తది ఏదో చూడాలి, బోర్డు దానికంటే ముందు పుట్టే అవకాశం లేదు, అదీ ఎవడూ తర్వాత మార్చలేదని సోల్డర్ చూసి నిర్ధారించుకున్నాక. అమెరికా మార్కెట్‌కి వెళ్ళిన బోర్డైతే ఎఫ్‌సీసీ నంబరు ఉంటుంది, దాన్ని పట్టుకుంటే తయారీదారు దొరుకుతాడు. అసలు చిక్కంతా మన దేశానికొచ్చిన సరుకుతోనే. చాలావాటి మీద ఆ నంబరు ఉండదు. మన దగ్గర ఎలక్ట్రానిక్స్‌కి తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఆర్డరు వచ్చిందే 2012లో. అంతకు ముందు ఎవడు ఏది తెచ్చి ఏం బిగించాడో చెప్పే రిజిస్టరే లేదు.

అప్పుడు బయాస్‌ని అడగాలి. ఏఎంఐ బయాస్ అయితే బూట్ స్క్రీన్ కింద అంకెల దండ ఒకటి కనబడుతుంది, మధ్యలో లైసెన్సు తీసుకున్న కంపెనీ నంబరు, తర్వాత తేదీ. అవార్డ్ బయాస్‌లో అయితే మొదటి ఐదు అక్షరాలు చిప్‌సెట్‌ని చెబుతాయి, ఆ తర్వాతి రెండూ తయారీదారుని. ఇంత చేసినా కొన్నిసార్లు బయాస్ ఒకడిది, బోర్డు ఇంకొకడిది. రిపేరు కుర్రాడు దొరికిన ఈప్రోమ్‌ని తెచ్చి గుచ్చి ఉంటాడు. పని చేసింది కదా, వాడికేం పోయె. నాకు మాత్రం రెండు వారాలు పోయాయి. ప్రాసెసర్ల కథ ఇంకా తమాషా. సైరిక్స్ వాళ్ళ 486డీఎల్‌సీ అని 1992లో ఒకటొచ్చింది, పేరు 486, కూర్చునేది 386 సాకెట్లో, లోపల క్యాష్ 1 కేబీ. బిల్లు మీద మాత్రం "486" అనే రాసిచ్చేవాళ్ళు. ఆ బిల్లు దొరికితే నాకు బోర్డు దొరికినంత ఆనందం. అందుకే అందరికీ చెబుతుంటాను, డబ్బా ఒక్కటే కాదు, బిల్లు, వారంటీ కార్డు, జంపర్ల పట్టిక ఉన్న ఆ ఒక్క కాగితం ముక్క కూడా పారెయ్యొద్దని.

ఇంతవరకూ సరదా. అసలు మంట పుట్టించే విషయం ఇప్పుడొస్తుంది.

తెలుగు టైపు చేసే ప్రతివాడూ యూనికోడ్ గొప్పదనం గురించి చెబుతాడు. నిజమే, నేనూ చెబుతా. తెలుగు "క" యూనికోడ్‌లో 0సీ15. హిందీ "క" 0915. చివరి రెండంకెలు ఒకటే, గమనించారా? అది యాదృచ్ఛికం కాదు. భారతీయ లిపుల బ్లాకులని యూనికోడ్ వాళ్ళు ఇస్కీ 1988 పట్టిక ఆధారంగా అమర్చారు, అందుకే లిపి మారినా వరస మారదు. ఆ ఇస్కీతో విడదీయరానిది జిస్ట్ కార్డు. ఐఐటీ కాన్పూరులో మొదలైన పని, ఎనభైల చివర్లో పుణెలోని సీడాక్‌కి చేరింది. మామూలు పీసీ స్లాటులో ఆ కార్డు గుచ్చితే డాస్‌లో నడిచే వర్డ్‌స్టార్, డీబేస్ లాంటివి తెలుగుతో సహా మన లిపుల్లో అక్షరాలు చూపించేవి. గుచ్చింది దేంట్లో? ఎక్కువగా ఇదుగో ఈ "డూప్లికేట్" పీసీల్లోనే. కంప్యూటర్ తెర మీద తెలుగు నడక నేర్చిన దారిలో ఒక ముఖ్యమైన మలుపు ఒక ఎక్స్‌ట్రా కార్డూ ఒక క్లోన్ డబ్బా కలిసి వేసినది. ఆ డీబేస్ ఫైళ్ళు ఫ్లాపీల్లో ఉన్నాయి, ఆ ఫ్లాపీలు బీరువాల్లో బూజు పడుతున్నాయి. తర్వాత వచ్చిన డీటీపీ ప్యాకేజీలు ఇంకో తలనొప్పి. కంపెనీకో ఎన్‌కోడింగ్, కొన్నిటికి ప్యారలల్ పోర్టుకి తగిలించే డాంగుల్. డాంగుల్ లేకపోతే ప్యాకేజీ తెరుచుకోదు, ప్యారలల్ పోర్టున్న పాత డబ్బా లేకపోతే డాంగుల్ తగిలించే చోటు లేదు. పత్రికలు, కరపత్రాలు, పెళ్ళిపత్రికలు, ఎవరో టీచరు సొంత డబ్బుతో వేసుకున్న పద్యాల పుస్తకం, అన్నీ ఆ తాళం వెనక ఉన్నాయి. తాటాకుల మీద పుస్తకం దొరికితే పేపర్లో ఫొటో వేస్తారు. ఇది దొరికితే కిలోల్లెక్కన తూకం వేస్తారు.

నిజంగానే తూకం. మా నాదర్‌గుల్ చుట్టుపక్కల తుక్కు కొట్లలో నాకు పరిచయాలున్నాయి. ప్లాటింగ్ జరిగి ఇళ్ళు లేస్తున్న చోట తుక్కు బాగా వస్తుంది, ఇల్లు మారేవాడు ముందు సజ్జ ఖాళీ చేస్తాడు కదా. బోర్డులకో రేటు, సెరామిక్ ప్రాసెసర్లకి దానికి ఎన్నో రెట్లు రేటు. ఎందుకంటే బంగారం. బోర్డు మీంచి పీకేసిన 486లూ పాత పెంటియంలూ సంచిలో వేరుగా కూడబెడతారు, అవి యాసిడ్ తొట్టెలోకి పోతాయి. "అన్నా, అది నాకివ్వు, బంగారం రేటే ఇస్తా" అని బతిమాలి తెచ్చుకున్నవి కొన్ని ఉన్నాయి. తుక్కు కొట్టాయన మీద నాకేం కోపం లేదు. ఆయనకి తెలిసిన విలువ ఆయన చూస్తున్నాడు. కనీసం అది కూడా చూడకుండా పారేసింది ఎవరు?

ఆ మధ్య ఒక సర్కారీ ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తున్నారని తెలిసి వెళ్ళాను. గదిలో ఒక మూల మూడు పాత మిషన్లు, ఒకదాని వెనక అచ్చం నేను ఫొటోల్లో చూసిన జిస్ట్ కార్డు లాంటి కనెక్టరు. మూత తీసి చూడనివ్వలేదు. ఆ మూడింటికీ డబ్బు కడతానన్నాను. కుదరదు, అధీకృత రీసైక్లర్‌కే లాటు మొత్తం ఇవ్వాలన్నారు. ఫొటో తీసుకుంటానన్నాను. దానికీ లెటర్ కావాలన్నారు. లెటర్ పట్టుకుని వెళ్ళేసరికి గది ఊడ్చేసి ఉంది. ఆ గుమాస్తాగారు చెడ్డవాడేం కాదు, రూలు చదివి చెప్పాడు. రూలే అలా ఉంది. 2011లో రాసి 2012 మే నుంచి అమలు చేసిన ఈ-వ్యర్థాల నియమాలు, తర్వాత 2016వి, ఇప్పుడు 2023 ఏప్రిల్ నుంచి నడుస్తున్న 2022వి, వీటి ఉద్దేశం మంచిదే. సీసం నేలలో కలవకూడదు, ఒప్పుకున్నాం. కానీ పెద్ద సంస్థ తన పాత సరుకు ఇవ్వగలిగింది ఎవరికి? తయారీదారుకి, రిఫర్బిషర్‌కి, రీసైక్లర్‌కి. ఆ వరసలో మ్యూజియంకి చోటు లేదు, విశ్వవిద్యాలయానికి లేదు, లోపల ఏముందో ఒక్క రోజు చూసి రాసుకుంటానన్న మనిషికి లేదు. పాతదంటే విషం, విషాన్ని నలగ్గొట్టాలి, అంతే. పురావస్తు శాఖ వాళ్ళు పాత నాణేలన్నీ కరిగించమని చట్టం తెస్తే ఊరుకుంటామా?

"ఎమ్యులేటర్లు ఉన్నాయిగా బాస్, బోర్డులెందుకు?" ఇది మనవాళ్ళకి బాగా ఇష్టమైన వాదన, ఎందుకంటే కుర్చీలోంచి లేవక్కర్లేదు. ఎమ్యులేటర్ దేన్ని నడుపుతుంది నాయనా? ఎవడో ఎక్కడో బోర్డు సంపాదించి, ఈప్రోమ్ పీకి, ప్రోగ్రామర్‌లో పెట్టి దింపిన ఫైలుని. ఆ ఈప్రోమ్‌లో బిట్లు శాశ్వతం కాదు, గాజు కిటికీ మీద స్టిక్కరు ఊడిపోయిందంటే ఎండకి కూడా నెమ్మదిగా చెరిగిపోతాయి. దింపని బోర్డుకి ఎమ్యులేటర్ ఉండదు. ఐబీఎం పీసీది వెయ్యి చోట్ల ఉంది. మన కార్డులవి ఎవరు దింపుతారు, కాలిఫోర్నియావాడా?

మా తెగవాళ్ళని కూడా వదలను. నాలుగు 486 బోర్డులు దొరకగానే "రేర్ వింటేజ్" అని రాసి పది రెట్లు రేటు పెట్టేవాళ్ళు ఒక రకం. ఇంకో రకం, నిజంగానే అరుదైనది సంపాదించి, రోమ్ దింపి, ఆ ఫైలు ఎవరికీ ఇవ్వకుండా తలగడ కింద పెట్టుకునేవాళ్ళు. ఇస్తే దాని విలువ తగ్గిపోతుందట! సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా బొమ్మ చూడ్డానికి జనం ఇప్పటికీ గుంపులుగా నిలబడతారు. బెంజోనీ అలాంటి రెబెక్కాలని ఇంకొన్ని చెక్కాడు, వేరే దేశాల మ్యూజియంలలో ఉన్నాయి. మన రెబెక్కా ముందు క్యూ ఏమైనా తగ్గిందా?

మీ సజ్జ మీద పాత డబ్బా ఉంటే, పారేసే ముందు ఒక అరగంట నాకోసం కేటాయించండి. మూత తీయండి. బోర్డు మీద చిన్న పీపాలా బ్యాటరీ కనబడితే కట్టర్‌తో ముందు దాన్ని కత్తిరించి తీసేయండి, అది కారి చుట్టుపక్కల రాగి దారులన్నీ తినేస్తుంది. ఆకుపచ్చగా పొడి పేరుకుని ఉంటే కాస్త వెనిగర్‌తో తుడవండి. ముందూ వెనకా ఫొటోలు తీయండి, చిప్పుల మీద అక్షరాలు చదవగలిగేట్టు. ఫ్లాపీలు ఫార్మాట్ చేయొద్దు, "పనికిరావు" అని మీరే తీర్పివ్వొద్దు. జిస్ట్ కార్డు ఎవరి దగ్గరైనా ఉంటే, పని చేయకపోయినా ఫర్వాలేదు, ఏ ఊరైనా సరే నేనే వచ్చి రోమ్ దింపుకుని కార్డు మీకే తిరిగిచ్చేస్తాను. వద్దంటే మాత్రం నాదర్‌గుల్ దాకా నేనే మోసుకెళ్తాను.